ఓరుగల్లు ఎండల్లో కుక్కకు ఏ నీడ: వరండా, చలువ పందిరి, చెక్క గూడు, కూలర్ గది, ఏసీ గది

ఉగాది దాటి పదిహేను రోజులైతే చాలు, కుక్కను పెంచుకునే ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా దీన్ని ఎక్కడ ఉంచాలి? ఫోన్లో కనిపించే కాటేజీ ఫొటోలు చూస్తే తీగలు పాకిన చెక్క గూడు, తెల్లటి కంచె, పూలమొక్కల మధ్య పడుకున్న కుక్క ముచ్చటగా ఉంటాయి. ఆ కాటేజీలు చల్లని దేశాలవి. అక్కడి గూడు చలి ఆపడానికి కట్టింది, మనకు కావలసింది వేడి వదిలే చోటు. ఆ సొగసు మన దగ్గర కూడా సాధ్యమే. పెంకుల కప్పు, బండల వరండా, తాటి కమ్మల పందిరి, మల్లె తీగ, నవారు మంచం ఉంటే చాలు. ఏది ఎవరికి సరిపోతుందో తేల్చుకునే ముందు కుక్క ఒళ్లు ఎట్లా చల్లబడుతుందో తెలుసుకోవాలి.

ముందు చూడవలసినవి

కుక్కకు చెమట గ్రంథులు పాదాల అడుగునే ఉంటాయి, వాటితో ఒళ్లు చల్లబడేది చాలా తక్కువ. అది ప్రధానంగా రెండు దారుల్లో చల్లబడుతుంది. ఒకటి, నాలుక బయటపెట్టి రొప్పడం. నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరై వేడిని తీసుకుపోతుంది. రెండోది, పొట్టను చల్లటి నేలకు ఆనించి పడుకోవడం. పొట్ట, తొడల లోపలి వైపు వెంట్రుకలు పలచగా ఉంటాయి కాబట్టి వేడి అక్కడి నుంచి తేలికగా దిగుతుంది. అందుకే మెత్తటి పరుపు వేసినా వదిలేసి బాత్రూం గచ్చు మీదికి పోయి పడుకుంటుంది.

దీన్నిబట్టి చోటును నాలుగు విషయాల్లో పరీక్షించాలి.

మొదటిది గాలి. పొడిగా ఉందా, తేమగా ఉందా, కదులుతోందా? రొప్పడం పొడిగాలిలో బాగా పనిచేస్తుంది, ఉక్కపోతలో పనిచేయదు. 36 డిగ్రీల ఉక్కపోత కొన్ని కుక్కలకు 41 డిగ్రీల పొడి ఎండ కంటే ఎక్కువ ప్రమాదం.

రెండోది నేల. భూమికి ఆనుకుని పరిచిన బండ రోజంతా చల్లగా ఉంటుంది. పై అంతస్తు స్లాబు మీద వేసిన టైలు కింద మట్టి ఉండదు, అది గదిలోని వేడికే వేడెక్కుతుంది.

మూడోది కప్పు. ఇక్కడ చాలామంది పొరబడతారు. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే నడిమిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, గోడ నీడ పూర్తిగా మాయమవుతుంది. చలికాలంలో ప్రహరీ పక్కన చక్కటి నీడ ఉండేది కదా అని అక్కడే కుక్కను కట్టేస్తే, పన్నెండింటికి దానికి జానెడు నీడ కూడా దొరకదు. ఈ నెలల్లో నీడ అంటే పైకప్పు నీడే.

నాలుగోది కరెంటు పోతే ఏమవుతుందన్నది. ఎంత ఖరీదైన ఏర్పాటైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాకే దాన్ని నమ్మాలి.

ఈ నాలుగింటికీ ముందు మీ కుక్క ఎటువంటిదో చూసుకోండి. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ముక్కులో గాలి తిరిగే చోటు తక్కువ, రొప్పినా సరిగా చల్లబడవు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమేరియన్‌లకు లోపల మెత్తటి ఉన్ని పొర ఒకటి, పైన గరుకు వెంట్రుకల పొర ఒకటి ఉంటాయి. బరువెక్కిన లాబ్రడార్‌కు కష్టం ఇంకా ఎక్కువ. పొట్టి వెంట్రుకల దేశీ కుక్కలు, ముధోల్, రాజపాళయం ఎండను మెరుగ్గా తట్టుకుంటాయి, కానీ వాటికీ వడదెబ్బ తగులుతుంది.

పెంకుల వరండా

ఐదింటిలో మొదట దీన్నే చూడాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో సగం ఇది ఉండనే ఉంటుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, పొద్దుగూకగానే కప్పు చల్లబడుతుంది. సిమెంటు స్లాబు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. పగలు ఓపిగ్గా ఉన్న కుక్క రాత్రి పది తర్వాత స్లాబు గదిలో అటూ ఇటూ తిరుగుతోందంటే కారణం ఇదే. ఆ గంటల్లో దాన్ని బయట వరండాలోకి వదలండి.

వరండా ఏ దిక్కున ఉందన్నది కప్పు రకం కంటే ముఖ్యం. తూర్పు వరండాకు పన్నెండు దాటాక నేరు ఎండ ఉండదు, పడమటి నుంచి వీచే వడగాలి కూడా ఇంటి గోడకే తగిలి ఆగిపోతుంది. పడమటి వరండా కథ వేరు. చూరు 7 అడుగుల ఎత్తు, వరండా వెడల్పు 8 అడుగులు అనుకుంటే, మే నెలలో మధ్యాహ్నం మూడింటికే ఎండ దాదాపు ఆరు అడుగులు లోపలికి వస్తుంది. నాలుగింటికి గోడ మీదికి ఎక్కుతుంది. పగటి వేడి ముదిరే వేళ కూడా అదే. అటువంటి చోట చూరు నుంచి నేలకు ఒక అడుగు పైదాకా వెదురు తడకో, వట్టివేళ్ల తడకో వేలాడదీయాలి. కింద ఆ అడుగు ఖాళీ ఉంచితేనే గాలి ఆడుతుంది. వట్టివేళ్ల తడకను గంటకోసారి తడపాలి. ఎండిపోయిన తడక నీడ మాత్రమే ఇస్తుంది, చల్లదనం ఇవ్వదు. ఉత్తర వరండాకు మే, జూన్ నెలల్లో పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ పడుతుందని కూడా గుర్తుంచుకోండి. చలికాలంలో అస్సలు ఎండ పడని వైపు కాబట్టి ఇది ఎవరికీ తట్టదు.

నేలకు షాబాద్ బండ అన్నిటికంటే మేలు. పాలిష్ తక్కువ ఉన్న బండ మీద కుక్క కాళ్లు జారవు. నున్నటి గ్రానైటు, మెరిసే టైళ్లు కూడా చల్లగానే ఉంటాయి, కానీ తడిస్తే జారుతాయి. ముసలి లాబ్రడార్ వాటి మీద లేవబోయి వెనక కాళ్లు రెండూ పక్కలకు జారితే తుంటి కీళ్లు దెబ్బతింటాయి. బండల సందులను సిమెంటుతో పూడ్చండి. గోమార్లు (పిడుదులు) గుడ్లు పెట్టేది ఆ సందుల్లోనే, గోడ పగుళ్లలోనే. ఒక్క ఆడ గోమారు వేల గుడ్లు పెడుతుంది. కుక్క మీద ఉన్నవి ఎన్ని ఏరినా తరగడం లేదంటే పుట్ట వరండాలోనే ఉందన్నమాట.

రేకుల వరండా అయితే పై మాటలేవీ దానికి వర్తించవు. రేకు ఎండకు కాలి కిందికి వేడి కురిపిస్తుంది, దాని కింద నీడ ఉన్నా సెగ తగ్గదు. రేకుల మీద తాటి కమ్మలు గానీ గడ్డి గానీ అర అడుగు మందాన పరిచి, గాలికి ఎగరకుండా తాళ్లతో కట్టాలి. లేదంటే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేయాలి. స్లాబు ఇంటికీ ఈ తెల్లపూత పనికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ కారణంతోనే. సున్నం కొట్టించినా ఫలితం ఉంటుంది గానీ వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి.

పెరట్లో చలువ పందిరి

పెరడు ఉన్నవాళ్లకు ఇది అందానికి అందం, చల్లదనానికి చల్లదనం. 10 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు పందిరి ఒక పెద్ద కుక్కకు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషికి సరిపోతుంది. నాలుగు మూలలకు నాలుగు, నడుమ రెండు, మొత్తం ఆరు గుంజలు కావాలి. గుంజ అడుగు భాగాన్ని రెండడుగుల మేర మంట మీద నల్లగా కాల్చి పాతితే చెదలు ఆలస్యంగా పడతాయి. పాత ఇంజిన్ ఆయిల్ పూయడం ఊళ్లలో మామూలే. కుక్క ఉన్న ఇంట్లో వద్దు, అది గుంజను నాకుతుంది.

ఎత్తు ఏడడుగులకు తగ్గకూడదు. అందంగా ఉంటుందని ఐదడుగుల ఎత్తున కడితే కమ్మల వేడి నేరుగా కుక్క వీపు మీదికి దిగుతుంది. పైన వెదురు బొంగులు అడుగున్నరకొకటి అడ్డంగా కట్టి, తాటి కమ్మలు గానీ ఈత కమ్మలు గానీ రెండు వరసలు, పై వరస కింది వరస సందులను కప్పేలా వేయాలి. ఒక్క వరసతో చుక్కల ఎండ పడుతూనే ఉంటుంది. షేడ్ నెట్ వాడదలిస్తే 75 శాతం నీడనిచ్చేది తీసుకోండి. దాని కింద కూడా మధ్యాహ్నం ఉక్కగానే అనిపిస్తుంది. రెండు నెట్లను అర అడుగు ఎడంతో ఒకదానిపై ఒకటి కడితే తేడా తెలుస్తుంది, నడుమ గాలి ఆడి పై నెట్టు వేడి కిందికి రాదు.

పందిరి కింద నేల మట్టిదే ఉంచండి. పొద్దున తొమ్మిదింటికోసారి, మూడింటికోసారి వాకిట్లో సాన్పి చల్లినట్టు నీళ్లు చల్లితే చాలు. బురద చేయొద్దు. పొట్ట గంటల తరబడి తడిగా ఉంటే చర్మానికి ఫంగస్ పడుతుంది. ఓ మూల మూడడుగుల చదరం, అడుగు లోతున గుంట తీసి మెత్తటి ఇసుక నింపి తడిపి ఉంచితే కుక్క తానే తవ్వుకుని పడుకుంటుంది. తవ్వడం దానికి అల్లరి కాదు, కింది చల్లటి పొరను వెతుక్కోవడం. ఆ గుంట ఇస్తే మీ మల్లె పాదులు దక్కుతాయి.

చెట్టు నీడ ఉంటే పందిరికి ఇంకా బలం. కానుగ, వేప రెండూ మంచివి. కానుగ నీడ చిక్కగా ఉంటుంది. మామిడి కింద అయితే రాలిన కాయలను రోజూ ఏరాలి. టెంక మింగితే పేగుల్లో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది.

ఈ ఏర్పాటుకు హద్దులూ ఉన్నాయి. రామగుండం, మంచిర్యాల వైపు బొగ్గు గనుల చుట్టూ, భూపాలపల్లిలో మే నెల మధ్యాహ్నం గాలే మండుతుంది. గాలి వేడి 43 డిగ్రీలు దాటాక పందిరి ఎండను ఆపుతుందే గానీ గాలిని చల్లబరచదు. 12 నుంచి 5 దాకా కుక్కకు లోపలికి పోయే దారి తెరిచే ఉంచాలి. పందిరికి గొలుసుతో కట్టేసి ఊరికి పోవద్దు. నీడ జరుగుతుంది, గొలుసు జరగదు.

చెక్క గూడు

ఫొటోల్లో అందరికీ నచ్చేది ఇదే, మన ఎండకాలం పగటికి అన్నిటికంటే తక్కువ పనికొచ్చేదీ ఇదే. మూడు వైపులా మూసిన పెట్టెలో కుక్క తన ఒంటి వేడితోనే గాలిని వేడి చేసుకుంటుంది. రేకు కప్పు, ఫైబర్ గూళ్లయితే ఇంకా అన్యాయం.

అయినా కావాలనుకుంటే రాత్రికీ, వానాకాలానికీ అనుకుని కట్టండి, అదీ పందిరి కిందే పెట్టండి. కుక్క ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి పావు వంతు కలిపితే గూడు పొడుగు వస్తుంది. లాబ్రడార్‌కు దాదాపు 4 అడుగుల పొడుగు, 3 అడుగుల వెడల్పు. నేలకు అర అడుగు ఎత్తున కాళ్లు, ఎదురెదురు గోడలకు చూరు కింద నాలుగంగుళాల సందు, కప్పు మీద నాలుగంగుళాల ఎడంతో ఇంకో కప్పు ఉండాలి. లోపల రంగు, వార్నిష్ వేయొద్దు. వేడికి వాసన వస్తుంది, కుక్క కొరుకుతుంది.

కూలర్ గది

ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర తెలంగాణ గాలికి కూలర్ సరిగ్గా నప్పుతుంది. బయట 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం మంచి కూలర్ గాలిని 28 డిగ్రీల దగ్గరికి దించగలదు. అదే కూలర్ జూన్ నడిమిలో, 36 డిగ్రీల వేడి, 55 శాతం తేమ ఉన్నప్పుడు, 30కి దించడమే గొప్ప. పైగా ఆ గాలి నిండా తేమే. మనుషులకు అది చల్లగానే తగులుతుంది, రొప్పే కుక్కకు మాత్రం లోపల తడి ఆరదు. కాబట్టి కూలర్ రోహిణి కార్తె దాకా దోస్తు. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక పంపు ఆపేసి ఫ్యాన్ ఒక్కటే నడపాలి.

కూలర్ పెట్టేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు, గది తలుపులు, కిటికీలు అన్నీ మూయడం. కూలర్ బయటి గాలిని లోపలికి లాగాలి, ఎదురు కిటికీ తెరిచి ఆ గాలి పోయే దారి ఇవ్వాలి. లేకపోతే అరగంటలో గది ఆవిరి గది అవుతుంది. కుక్క మొహానికి నేరుగా గాలి కొట్టకుండా, దాని పడక మీదుగా పోయేలా మూతులు తిప్పండి.

రెండో తప్పు నీళ్ల లెక్క వేయకపోవడం. పొడిగాలిలో మామూలు గది కూలర్ గంటకు ఎనిమిది, పది లీటర్లు తాగుతుంది, పెద్దదైతే అంతకు మించి. 50 లీటర్ల తొట్టి నింపి తొమ్మిదింటికి ఆఫీసుకు పోతే మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా తొట్టి అడుగంటుతుంది. తర్వాత ఎండిన ప్యాడ్ల గుండా వడగాలిని లోపలికి కొడుతుంది, అదీ రోజులో వేడి ముదిరిన వేళ. ఇంట్లో ఎవరూ ఉండనివాళ్లు నీళ్లు తగ్గగానే తానే తెరుచుకునే ఫ్లోట్ వాల్వు పెట్టించి మిద్దె మీది ట్యాంకు నుంచి పైపు వేయించుకోవాలి. ట్యాంకు నీళ్లు వేడిగా ఉన్నా ఫర్వాలేదు, చల్లదనం ఆవిరి కావడం వల్ల వస్తుంది.

మూడోది కరెంటు. ఇనుప కూలర్, తడి నేల, చెప్పులు లేని నాలుగు కాళ్లు. కారే నీటిని నాకడానికి కుక్క నేరుగా రేకుకే నాలుక పెడుతుంది. ప్లాస్టిక్ కూలర్ తీసుకోండి, లేదా ఎర్త్ సరిగా ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టించండి. ఇందులో వాయిదా వద్దు. వైరును గోడకు పైపులో వేయించండి, కుక్కపిల్లలు కొరుకుతాయి. తొట్టిలో ఫినాయిల్, అత్తరు, వాసన గుళికలు వేయొద్దు. మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. అక్కడ పుట్టే దోమ మనకు డెంగీ తెస్తుంది, కొన్ని దోమలు కుక్క గుండెలోకి పురుగునూ చేరవేస్తాయి. బోరు నీళ్ల ఉప్పు ప్యాడ్లకు పేరుకుపోతే గాలి సాగదు, సీజను నడుమ ఒకసారి మార్చాలి.

180 వాట్ల కూలర్ ఎనిమిది గంటలు నడిస్తే దాదాపు ఒకటిన్నర యూనిట్లు. మామూలు ఇన్వర్టరు మీద చిన్న కూలర్ కొంతసేపు నడుస్తుంది, ఏసీ నడవదు.

ఏసీ గది

చప్పిడి ముక్కు కుక్కకు, గుండె జబ్బు ఉన్నదానికి, బాగా లావెక్కినదానికి మధ్యాహ్నం ఏసీ విలాసం కాదు. ఏసీ వేడితో పాటు తేమను కూడా లాగేస్తుంది, అందుకే జూన్ ఉక్కపోతలో కూడా రొప్పడం పనిచేస్తుంది. 26, 27 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే చాలు. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి మంచం మీద మీకు సరిపోయినప్పుడు నేల మీద కుక్కకు ఇంకో రెండు డిగ్రీలు చల్లగానే ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీ ఎనిమిది గంటలకు ఏడు నుంచి పది యూనిట్ల దాకా లాగుతుంది.

అసలు ప్రమాదం కరెంటు పోయినప్పుడు. కిటికీలన్నీ మూసిన గదిలో కుక్కను ఉంచి తాళం వేసుకుని పోతే, రెండు గంటల కోతకు స్లాబు గది ఉడుకుతుంది. తిరిగి కరెంటు వచ్చినా కొన్ని ఏసీలు రిమోట్ నొక్కితే గానీ మొదలు కావు. కొనేటప్పుడు ఆటో రీస్టార్ట్ ఉందా అని అడగండి. ఎవరూ లేనప్పుడు గది తలుపు ఓ మూరెడు తెరిచి, అది వరండాలోకో హాల్లోకో పోగలిగేలా వదలండి. బిల్లు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. ఏసీలోంచి నేరుగా ఎండలోకి తీసుకుపోవద్దు, పది నిమిషాలు వరండాలో ఉంచి తర్వాత బయటికి తీయాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| చోటు | ఏప్రిల్, మే పొడి వేడి | జూన్ ఉక్కపోత | కరెంటు పోతే | ఎవరికి |
|---|---|---|---|---|
| తూర్పు పెంకుల వరండా | బాగు, 43 డిగ్రీల దాకా | ఫర్వాలేదు, ఫ్యాన్ కావాలి | మార్పు లేదు | దేశీ కుక్కలు, ఆరోగ్యంగా ఉన్నవి |
| చలువ పందిరి | పొద్దున, సాయంత్రం బాగు | వాన పడితే కారుతుంది | మార్పు లేదు | పెరడు ఉన్నవాళ్లు |
| చెక్క గూడు | వద్దు | రాత్రికి, వానకు | మార్పు లేదు | రెండో చోటుగా మాత్రమే |
| కూలర్ గది | చాలా బాగు | పంపు ఆపాలి | కిటికీలు తెరిచే ఉంటాయి | లాబ్రడార్, షెపర్డ్, పొమేరియన్ |
| ఏసీ గది | చాలా బాగు | అన్నిటికంటే మేలు | మూసి ఉంటే ప్రమాదం | పగ్, షిట్జూ, ముసలివి, జబ్బువి |

మీ ఇల్లు ఎటువంటిదైతే ఏది

నర్సంపేట, ములుగు వైపు పెరడు ఉన్న పెంకుటిల్లయితే డబ్బు ఏసీ మీద పెట్టకండి. తూర్పు వరండా పగటికి, పందిరి పొద్దునకూ సాయంత్రానికీ, ఒక ఫ్యాను చాలు. మే నెలలో ఓ నాలుగు వారాలు మధ్యాహ్నం లోపలి గదిలో కూలర్ వేస్తే ఏ జాతి కుక్కైనా దాదాపు సుఖంగా ఉంటుంది.

హనుమకొండ, కాజీపేటల్లో అపార్టుమెంటు మూడో అంతస్తు, పడమటి బాల్కనీ ఉంటే, ఆ బాల్కనీని మధ్యాహ్నం కుక్కకు మూసేయండి. ఫొటోలకు బాగుంటుందని అక్కడ గడ్డిలాంటి ప్లాస్టిక్ చాప వేస్తారు. ఎండకు అది బండ కంటే ఎక్కువ కాలుతుంది. ఉత్తరం లేదా తూర్పు గదికి కూలర్ పెట్టి, బాత్రూం తలుపు తెరిచి ఉంచండి. పై అంతస్తుల్లో చల్లటి నేల దొరికేది సాధారణంగా అక్కడే. ఫినాయిల్ వేసి కడిగితే మళ్లీ మంచినీళ్లతో కడగాలి. పగ్ లాంటి కుక్క ఉంటే ఏసీ తప్పదు.

అద్దెకు ఉండే రేకుల ఇంట్లో, అందులోనూ ఇద్దరూ పనికి పోయే ఇంట్లో, లాబ్రడార్‌ను గానీ పగ్‌ను గానీ తెచ్చుకోవద్దని చెప్పడమే న్యాయం. ఇప్పటికే ఉంటే మే నెలలో పగటి పూట దాన్ని చూసుకునే చుట్టాల ఇల్లో, పక్కింటి వరండాయో మాట్లాడుకోండి. దేశీ కుక్కకైనా రేకుల మీద కమ్మలు కప్పించాలి.

రెండు కుక్కలుంటే పందిరి పెద్దది చేయడం కంటే రెండు చోట్లు ఇవ్వడం మంచిది. బలమైనది ఒక్క చల్లటి మూలను ఆక్రమిస్తే రెండోది ఎండలోనే ఉండిపోతుంది.

సొగసు కోసం, కుక్క కోసం రెండింటికీ పనికొచ్చేవి

నీళ్లకు మట్టి తొట్టే ముందు. రంజన్‌లో నీళ్లు చల్లబడే కారణమే ఇక్కడా పనిచేస్తుంది, సన్నటి రంధ్రాల్లోంచి తడి ఆవిరవుతుంది. లోపల మెరుపు పూత ఉన్నది తీసుకోవద్దు. రోజూ కొబ్బరి పీచుతో రుద్ది కడగకపోతే పాచి పడుతుంది. పది కిలోల కుక్క మామూలు రోజుల్లో అర లీటరు పైచిలుకు తాగుతుంది. ఎండల్లో ఒకటిన్నర లీటర్లు రెండు తొట్లలో, రెండు చోట్ల ఉంచండి, ఒకటి ఒలికినా ఇంకోటి ఉంటుంది. పెంబర్తి ఇత్తడి గిన్నె అందంగా ఉంటుంది గానీ పెరుగు, మజ్జిగ అందులో పోయొద్దు, పులుపుకు చిలుము వస్తుంది. మజ్జిగ ఇస్తే ఉప్పు, ఉల్లి లేకుండా పలచగా ఇవ్వాలి.

పడకకు నవారు మంచం, అడుగు ఎత్తుది, కింది నుంచి గాలి ఆడుతుంది. నులక మంచాన్ని కుక్కపిల్ల వారంలో కొరికేస్తుంది. మీద వేయడానికి వరంగల్ కొత్తవాడ నూలు జంపఖానా కంటే మంచిది దొరకదు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత అది, ఉతికితే మళ్లీ కొత్తగా ఉంటుంది, ఫోము పరుపులా వేడిని పట్టి ఉంచదు. పగలు కుక్క దాన్ని వదిలి బండ మీద పడుకుంటే పడుకోనివ్వండి, జంపఖానా రాత్రికి.

మొక్కల్లో మల్లె, జాజి, మందారం నిశ్చింతగా పెట్టుకోవచ్చు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, సైకస్ కుక్క తిరిగే చోట వద్దు, ఇవి ప్రాణాలు తీసే విషాలు. పాదులకు ఆముదపు పిండి అస్సలు వేయొద్దు. దాని వాసనకు కుక్కలు ఇష్టంగా తవ్వి తింటాయి, అందులోని విషానికి విరుగుడు లేదు. వేప పిండి గానీ వానపాముల ఎరువు గానీ వాడండి.

వెంట్రుకలు గొరిగించాలా అని చాలామంది అడుగుతారు. రెండు పొరల కుక్కకు వద్దు. పై పొర ఎండను అడ్డుకుంటుంది, గొరిగితే చర్మం కాలుతుంది, తిరిగి సరిగా రాకపోవచ్చు. వారానికి మూడుసార్లు దువ్వి లోపలి ఉన్నిని తీసేస్తే గాలి చర్మానికి తగులుతుంది.

ఏర్పాటు చాలడం లేదని తెలిపే గుర్తులు

కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీలు. నీడలో పడుకున్నా పదిహేను నిమిషాల్లో రొప్పడం తగ్గకపోతే ఆ చోటు దానికి చాలదు, మార్చండి. చొంగ చిక్కబడి, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగి, తూలుతూ నడిచినా, వాంతి చేసుకున్నా వడదెబ్బ అనే అనుకోవాలి. ఒళ్లు 41 డిగ్రీలు దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది.

ముందు చల్లబరచాలి, తర్వాత బండి ఎక్కించాలి. ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య నీళ్లు ధారగా పోస్తూ ఫ్యాన్ వేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త. మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం ఒళ్లు కాల్చేంత వేడిగా ఉంటాయి. ఏప్రిల్ నుంచే రెండు బకెట్ల నీళ్లు ఇంటి లోపల నీడన నింపి ఉంచుకోండి, లేదా బోరు నీళ్లు నేరుగా పట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, అది వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. స్పృహలో ఉంటేనే కొద్దికొద్దిగా నీళ్లు తాగించాలి, నోట్లో పోయకూడదు. ఒళ్లు 39.5కి దిగాక పోయడం ఆపి పశువైద్యుని దగ్గరికి తీసుకుపోండి. లేచి నిలబడినా సరే తీసుకుపోవాల్సిందే. మూత్రపిండాల దెబ్బ మర్నాటికి గానీ బయటపడదు. మనుషుల జ్వరం బిళ్లలు ఇవ్వొద్దు. ఇది జ్వరం కాదు, ఆ మందులు కుక్క కాలేయాన్ని, కడుపును పాడు చేస్తాయి.

నడక పొద్దున ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. అరచేతి వెనక భాగాన్ని తారు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఉండలేవు.

మృగశిర వచ్చాక

తొలి రెండు వానలకు తాటి కమ్మలు నాని మెత్తబడతాయి, తేళ్లు, జెర్రులు వాటిలోకి చేరతాయి. పందిరి కప్పు విప్పి ఎండబెట్టి దాచండి, గుంజలు అట్లాగే ఉండనివ్వండి. కూలర్ తొట్టి ఖాళీ చేసి ప్యాడ్లు ఆరబెట్టాలి. ఇసుక గుంట మీద రేకు కప్పకపోతే నీళ్లు నిలిచి దోమలు పుడతాయి. గోమార్లు విజృంభించేది కూడా ఈ వెచ్చటి తేమలోనే కాబట్టి వేళ్ల సందులు, చెవుల లోపల రోజూ చూడండి. పశువుల మీద కొట్టే గోమార్ల మందును అందాజాగా కలిపి కుక్కకు పూయకండి, బరువును బట్టి వైద్యుడు చెప్పినదే వాడండి. వరండా గోడ పగుళ్లు పూడ్చి సున్నం వేయించడానికి ఎండ ఇంకా ఉన్న మే చివరి వారమే సరైన సమయం, వానలు మొదలైతే పూత ఆరదు.